సమస్యల తూకము

గోదావరిఖని ప్రాంతపు గనులనుండి బొగ్గు బయటికి వచ్చిన పిమ్మట దానికి రెండు పరీక్షలు జరుగును. మొదటిది కాటా. వ్యాగనులో ఎన్ని టన్నుల బొగ్గు ఉన్నదో కాటా చెప్పును. రెండవది ప్రయోగశాలలో జరుగు పరీక్ష. బొగ్గునుండి కొంత నమూనాను తీసి, పొడి చేసి, కాల్చి, ఒక కిలోగ్రాము బొగ్గు ఎంత వేడిమిని ఇచ్చునో లెక్కింతురు. ఆ వేడిమినిబట్టి బొగ్గునకు గ్రేడు నిర్ణయింతురు. 2012వ సంవత్సరమునుండి మన దేశమున ఇట్టి గ్రేడులు పదునేడు అమలులో ఉన్నవి. బొగ్గును కొనువాడు బరువును మాత్రమే చూచి ధర చెల్లింపడు. గ్రేడును మాత్రమే చూచియు చెల్లింపడు. రెండింటిని కలిపి చూచును. నూరు టన్నుల నాసి బొగ్గుకంటె అరువది టన్నుల మేలి బొగ్గు ఎక్కువ వేడిమిని ఇయ్యవచ్చును.

మానవజాతి ఎదుట నున్న సమస్యలను గూర్చి ఆలోచించువారికి ఈ పద్ధతి మిక్కిలి ఉపకరించును. సమస్యకును రెండు కొలతలు కలవు. అది ఎంత పెద్దది అనునది ఒక కొలత. అది ఎంతవరకు పరిష్కరింప వీలైనది అనునది వేరొక కొలత. లోకులు సామాన్యముగా మొదటి కొలతతోనే తృప్తి చెందుదురు. ‘ఇది చాల పెద్ద సమస్య’ అని కొందరు గుండె చెదరి కూర్చుందురు. ‘ఇది చిన్న సమస్య’ అని మరికొందరు దానిని ప్రక్కకు నెట్టుదురు. రెండవ కొలతను చేత పట్టినచో ఈ రెండు అభిప్రాయములును తరచుగా తారుమారగును.

ప్రపంచ సమస్యల జాబితాను వ్రాయుట కష్టమైన పని కాదు. ఆకలి, వ్యాధి, నిరక్షరాస్యత, యుద్ధము, త్రాగునీటి కొరత, భూగోళము వేడెక్కుట మున్నగునవి ఎవరికైనను తోచును. 2000వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి సభ్యదేశముల ఎదుట ఎనిమిది లక్ష్యములు నిలిచినవి. వానిని 2015 నాటికి సాధింపవలెనని గడువు పెట్టుకొనిరి. 2015లో ఆ జాబితాను విస్తరించి, 2030 గడువుగా పదునేడు లక్ష్యములను, వాని క్రింద 169 ఉపలక్ష్యములను ఏర్పరచుకొనిరి. జాబితా పెరుగుటలో తప్పు లేదు. కాని 169 పనులు ఎదుట నిలిచినప్పుడు మొదట దేనిని పట్టుకొనవలెను? ధనము పరిమితము, నేర్పరుల కాలము పరిమితము. ఒక ఆసుపత్రిలో వైద్యులు ఇద్దరే యుండి రోగులు నూరుగురు వచ్చినచో, ముందుగా ఎవరిని చూడవలెనో నిర్ణయింపక తప్పదు. నిర్ణయింపకుండుటయు ఒక నిర్ణయమే. అట్లు ఊరకున్నచో గట్టిగా అరచినవాని వంతు ముందు వచ్చును. మూలుగుటకైన ఓపిక లేనివాని వంతు రానే రాదు.

ఈ నిర్ణయమును లెక్క ప్రకారము చేయుటకు 2004వ సంవత్సరమున డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగెన్ నగరమున ఒక ప్రయత్నము జరిగినది. ఎనిమిదిమంది ఆర్థికశాస్త్రవేత్తలు అచట సమావేశమైరి. వారి ముందుంచిన ప్రశ్న ఇది: ‘లోకహితముకొరకు అయిదు వేల కోట్ల డాలర్లు అదనముగా దొరకినచో, వానిని ముందుగా దేనిపై వెచ్చింపవలెను?’ వారు ఎయిడ్స్ వ్యాధి నివారణకు మొదటి స్థానమును, ఆహారములో లోపించు సూక్ష్మపోషకములను అందించుటకు రెండవ స్థానమును ఇచ్చిరి. మలేరియా నివారణయు పై వరుసలోనే నిలిచినది. భూతాపమును తగ్గించుటకై వారి ముందుకు వచ్చిన పథకములు మాత్రము జాబితాలో అట్టడుగునకు చేరినవి. ఈ నిర్ణయముపై అప్పుడే తీవ్రమైన చర్చ చెలరేగినది. ఆ చర్చలోని సారమును గ్రహించుటకు ముందు, సమస్యను తూచు విధానమును కొంత తెలిసికొనవలెను.

తూచువాడు వేయవలసిన ప్రశ్నలు మూడు. ఈ సమస్యవలన ఎందరు, ఎంత గాఢముగా బాధపడుచున్నారు? దీనికి మందు తెలిసినదా. తెలిసినచో దానిని అవసరమైనవారికి చేర్చుట సాధ్యమా? ఈ పనిలో ఇప్పటికే ఎన్ని చేతులు ఉన్నవి?

మొదటి ప్రశ్న సులభముగా కనిపించును గాని, అందు ఒక మోసము దాగియున్నది. మానవుని మనస్సు సంఖ్యనుబట్టి కాక సద్దునుబట్టి కదలును. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి పదునేడుగురు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ఒకేనాడు పదునేడు కుటుంబములు దిక్కు లేనివైనవి. అట్టి దుర్ఘటన ఎవరి మనస్సునైనను కలచివేయును, కలచివేయుటయు న్యాయమే. కాని పైకప్పునుండి బండ జారి ఒకరు, యంత్రమునకు చిక్కి ఒకరు, డంపరు క్రింద నలిగి ఒకరు, ఇట్లు ఒక్కొక్కరుగా రాలిపోవువారి వార్త పత్రికలో నాలుగు పంక్తులతో ముగియును. దేశమందలి బొగ్గుగనులలో పెక్కు మరణములు ఇట్లు ఒంటరిగా సంభవించునవే. ఒంటరి మరణములను కూడి చూచువాడు లేనిచో సమస్య యొక్క నిజమైన బరువు తెలియదు.

ప్రపంచము సంగతియు ఇట్టిదే. 2023వ సంవత్సరమున మలేరియావలన సుమారు ఆరు లక్షలమంది మరణించిరి. అనగా దినమునకు పదునారు వందలమందికి పైగా అన్నమాట. వారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికా ఖండములోని అయిదేండ్లలోపు పసివారు. ఒక విమానము కూలి రెండువందలమంది మరణించినచో ఆ వార్త ఖండములు దాటును. దినమునకు అట్టి విమానములు ఎనిమిది కూలినంత నష్టము జరుగుచున్నను, అది నిత్యము జరుగుచున్న కారణమున వార్త కాకుండ పోయినది. కావున సమస్యను తూచువాడు మొదట సద్దును విడిచి సంఖ్యను చూడవలెను.

ఇక రెండవ ప్రశ్న. పరిష్కరింప వీలగునా? ఇందుకు మన పల్లెల చరిత్రలోనే చక్కని ఉదాహరణము కలదు. అది నారికురుపు. ఈ వ్యాధి పేరు ఇప్పటి బాలురలో పెక్కురు విని యుండరు. వినకపోవుటయే మానవజాతి సాధించిన విజయము. నారిపురుగు పిల్లలను మ్రింగిన నీటి కీటకములు దిగుడుబావులలో ఉండెడివి. ఆ నీటిని త్రాగినవాని శరీరములో పురుగు ఏడాది పాటు పెరిగి, రెండు మూడు అడుగుల పొడవు దారమువలె కాలినుండి వెలుపలికి వచ్చెడిది. మంట భరింపలేక రోగి కాలిని నీటిలో పెట్టెడివాడు. అంతట పురుగు వేలకొలది పిల్లలను ఆ నీటిలో విడిచెడిది. వాడే మరునాడు ఆ బావి మెట్లు దిగి నీరు ముంచుకొనెడివాడు. ఊరంతయు ఆ నీటినే త్రాగెడిది.

ఈ వ్యాధిని మాన్పు మందు నేటికిని లేదు, టీకాయు లేదు. అయినను వ్యాధి తొలగినది. నీటిని గుడ్డతో వడగట్టుట, కురుపు ఉన్నవానిని బావిలో దిగనీయకుండుట, దిగుడుబావులకు బదులు చేతిపంపులు వేయుట, ఈ మూడే సాధనములు. 1980వ దశకమున మన దేశము దీనికై ఒక జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. దేశమున చివరి రోగి 1996లో కనిపించెను. 2000వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమును నారికురుపు లేని దేశముగా ప్రకటించినది. 1986లో ప్రపంచమున ముప్పది అయిదు లక్షలమందికి ఉండినట్లు అంచనా వేయబడిన ఈ వ్యాధి 2024లో పదునైదుగురిలో మాత్రమే కనిపించినది. ఒక గుడ్డముక్కయు, ఇంటింటికి తిరిగిన కార్యకర్తల ఓర్పును కలిసి సాధించిన కార్యమిది. బరువునుబట్టి చూచినచో నారికురుపు ప్రపంచసమస్యలలో మొదటిది కాదు. గ్రేడునుబట్టి చూచినచో అంతకు మేలైన పని అరుదు.

అయితే కారణము తెలిసినంత మాత్రమున పని ముగిసినట్లు కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్ దోమ యొక్క ఉదరములో మలేరియా క్రిములను కనుగొనెను. ఆ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ రహస్యము తెలుగుగడ్డపై తెలియవచ్చి నూట ఇరువది యేండ్లు దాటినది. అయినను మలేరియా నిలిచియే యున్నది. దోమ మందులకు అలవాటుపడును. క్రిమి మాత్రలకు లొంగకుండుటను నేర్చుకొనును. వాననీరు నిలిచిన ప్రతి గుంటయు దోమకు పుట్టినిల్లగును. ఇక్కడ శత్రువు కదలుచు, మారుచు ఉండును. అంతమాత్రమున ఇది అసాధ్యము కాదు. శ్రీలంక 2016లోను, చైనా 2021లోను మలేరియా లేని దేశములుగా ధ్రువీకరింపబడినవి. కావున మలేరియా బరువులో మిక్కిలి పెద్దది, పరిష్కారములో మధ్యమమైనది, కాని బరువును పరిష్కారమును గుణించి చూచినచో వరుసలో చాల పైన నిలుచును. కోపెన్‌హేగెన్ పండితులు దానిని పైన నిలుపుటకు కారణమిదియే.

గనులలోని ప్రమాదములు మూడవ విధమునకు చెందినవి. వాని మందు చాలవరకు తెలిసినదే. 1975 డిసెంబరు 27వ తేదీన ధన్‌బాద్ సమీపమునందలి చాస్‌నాలా గనిలోనికి పాత పనుల నీరు విరుచుకొనిపడి మూడువందల డెబ్బదిమందికి పైగా మరణించిరి. నీరు నిలిచిన పాత పనులకు అరువది మీటర్లలోపున కొత్త పని సాగింపవలెనన్నచో ప్రత్యేకమైన అనుమతి కావలెననియు, ముందుగా సన్నని రంధ్రములు తొలిచి నీటి జాడను కనుగొనవలెననియు బొగ్గుగనుల నిబంధనలు 1957నుండియే విధించుచున్నవి. సరియైన పటము, తగినంత గట్టి గోడ, ముందుచూపుగల రంధ్రము, ఇవియే మందు. పైకప్పును నిలుపుటకు పూర్వము కలప దుంగలు నిలిపెడివారు. నేడు పైబండలోనికి ఉక్కు బోల్టులు దిగగొట్టి పొరలను ఒకటిగా బిగింతురు. 1950వ దశకమున దేశపు బొగ్గుగనులలో ఏటా సగటున రెండువందలకు పైగా ప్రాణములు పోయెడివి. అప్పటికంటె బొగ్గు ఉత్పత్తి ఇరువది రెట్లకు మించి పెరిగినను, ఇటీవలి సంవత్సరములలో మరణముల సంఖ్య నూటికి లోపుగా ఉన్నది.

ఈ తగ్గుదల సంతోషకరమైనదే. కాని మిగిలియున్న ప్రతి మరణము వెనుకను ఒక కఠినమైన ప్రశ్న నిలుచుచున్నది. మందు తెలియని వ్యాధితో మరణించినవానిని గూర్చి లోకము ‘ఏమి చేయగలము?’ అని అనుకొనవచ్చును. మందు తెలిసియు మరణించినవానిని గూర్చి అట్లు అనుకొనుటకు వీలు లేదు. సాధ్యమైన సమస్య మిగిలియుండుట అసాధ్యమైన సమస్య మిగిలియుండుటకంటె ఎక్కువ సిగ్గుచేటు. షిఫ్టు మొదలగుటకు ముందు సర్దారు కఱ్ఱతో పైకప్పును తట్టి, ధ్వనినిబట్టి అది గట్టిదో బోలుదో గ్రహించును. అది నిమిషము పని. ఆ నిమిషము దినదినమును తప్పక జరుగుటయే పరిష్కారము. ఇట్టి సమస్యలకు కొత్త విజ్ఞానముకంటె అలయని శ్రద్ధ ఎక్కువ అవసరము. అవి ఒకసారి గెలిచి విడిచిపెట్టునవి కావు. ప్రతి షిఫ్టులోను మరల గెలువవలసినవి.

మూడవ ప్రశ్న చేతులను గూర్చినది. కొన్ని సమస్యలవైపు లోకమంతయు పరుగెత్తును. కొన్నింటివైపు ఎవరును చూడరు. బోదకాలు అట్టి అనాదరణకు గురియైన వ్యాధి. అది సామాన్యముగా ప్రాణము తీయదు. కాని కాలిని బరువు చేసి, పనిని మాన్పించి, మనిషిని నలుగురిలో తలవంచుకొనునట్లు చేయును. అది సోకునది ఎక్కువగా బీదవారికే. కావున దానికై మందు వెదకువారు తక్కువ. భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకులకు నాయకత్వము వహించి, 1940వ దశకమున ఈ వ్యాధికి పనికివచ్చు డైఇథైల్ కార్బమజైన్ అను మందును వెలికి తెచ్చెను. నేటికిని బోదకాలు ఉన్న జిల్లాలలో ఆరోగ్యకార్యకర్తలు ఏటేట పంచు మాత్రలలో ఆ మందు ఉన్నది. వేయిమంది త్రవ్వుచున్న చోట వేయిన్నొకటవ గునపము కలిపిన ఫలము కొంచెము. ఎవరును త్రవ్వని చోట వేసిన మొదటి గునపము ఎక్కువ ఫలము నిచ్చును.

ఈ మూడు ప్రశ్నలను చేతబట్టి ఇప్పుడు గోదావరితీరమున మిక్కిలి బరువైన సమస్యను తూచవలెను. అది బొగ్గు సమస్యయే.

1871లో ఇల్లందు సమీపమున డాక్టర్ విలియం కింగ్ బొగ్గును కనుగొనెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ అను పేరు సంస్థకు ఏర్పడినది. పిమ్మట గనులు గోదావరితీరమునకు విస్తరించినవి. అడవి ఉన్న చోట గోదావరిఖని పట్టణము వెలసినది. నేడు ఆ సంస్థ ఏటా సుమారు ఏడు కోట్ల టన్నుల బొగ్గును వెలికి తీయుచున్నది. 1978 నవంబరు 14వ తేదీన రామగుండమున శంకుస్థాపన జరిగిన జాతీయ విద్యుత్కేంద్రము 2600 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. ఆ విద్యుత్తుతో పొలములలో మోటారులు తిరిగినవి, ఆసుపత్రులలో దీపములు వెలిగినవి, లక్షలాది బాలురు రాత్రివేళ చదువుకొనగలిగిరి. ఈ మేలును మరచి బొగ్గును నిందించుట కృతఘ్నత.

కాని రసాయనశాస్త్రము కృతజ్ఞతను లెక్కింపదు. పండ్రెండు గ్రాముల కర్బనము కాలునప్పుడు గాలిలోని ముప్పది రెండు గ్రాముల ప్రాణవాయువుతో కలిసి నలువది నాలుగు గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఏర్పడును. అనగా కాల్చిన కర్బనముకంటె మూడున్నర రెట్లకు మించిన బరువుగల వాయువు ఆకాశమునకు చేరును. యంత్రయుగమునకు పూర్వము గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుగా ఉండిన ఆ వాయువు నేడు 420 పాళ్లు దాటినది. అది భూమినుండి వెలువడు వేడిమిని కంబళివలె పట్టి ఉంచును. అందువలన భూమి సగటు వేడిమి ఇప్పటికే ఒక డిగ్రీకి మించి పెరిగినది. వేసవి యెండలకు పేరుపడిన రామగుండములో ఓపెన్‌కాస్టు గనిలో పనిచేయు కార్మికునికి ఈ సంగతి శాస్త్రగ్రంథమునుండి తెలియనక్కరలేదు.

ఇట్టి ఆకాశసమస్య ఒకటి ఇదివరకు పరిష్కార మార్గమున పడినది. శీతలయంత్రములలో వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు ఓజోను పొరను హరించుచున్నవని 1974లో శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1987 సెప్టెంబరు 16వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొన్నవి. నేడు ఆ పదార్థములలో నూటికి తొంబది తొమ్మిది వంతుల వాడకము ఆగిపోయినది. ఓజోను పొర మెల్లమెల్లగా కోలుకొనుచున్నది. అది అంత త్వరగా సాధ్యమగుటకు కారణమేమి? ఆ పదార్థములను తయారుచేయు సంస్థలు కొలదిగా ఉండినవి. వానికి బదులుగా వేరు పదార్థములు దొరకినవి. శీతలయంత్రములోని వాయువు మారినను యంత్రము పనిచేయుచునే యుండినది. బొగ్గు సంగతి అట్టిది కాదు. మన దేశపు విద్యుత్తులో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గునుండియే వచ్చుచున్నవి. అది దీపములో ఉన్నది, ఉక్కులో ఉన్నది, సిమెంటులో ఉన్నది, కార్మికుని పళ్లెములోని అన్నములోను ఉన్నది.

రామగుండములోనే ఈ కష్టమును లెక్కించి చూడవచ్చును. 2022లో అచటి విద్యుత్కేంద్రపు జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సౌరఫలకములు పనిచేయ నారంభించినవి. అవి సుమారు అయిదువందల ఎకరముల నీటిని కప్పియున్నవి. ఇరువది ఆరు జలాశయములు ఉన్నచో 2600 మెగావాట్లు సమకూరునని మొదట తోచును. కాని సూర్యుడు రాత్రి ప్రకాశింపడు. మబ్బు పట్టిన దినమున మందగించును. సౌరఫలకములు తమ పూర్తి శక్తిలో సగటున అయిదవ వంతును, బొగ్గు కేంద్రము నాలుగింట మూడు వంతులను ఇచ్చుననుకొన్నచో, సుమారు నూరు జలాశయములు కావలసివచ్చును. పగటి విద్యుత్తును రాత్రికి దాచు సాధనములును వలయును. ఇది నిరాశ కలిగించుటకు చెప్పు మాట కాదు. పని యొక్క పొడవును తెలుపు మాట. లెక్క తెలియనివాడు మొదటి ఫలకమును చూచి గెలిచితిమనుకొనును, మొదటి మబ్బును చూచి ఓడితిమనుకొనును. లెక్క తెలిసినవాడు రెండును అనుకొనడు.

ఇక్కడ నాలుగవ ప్రశ్న ఒకటి తలయెత్తుచున్నది. పరిష్కారపు భారమును ఎవరు మోయుదురు? నారికురుపు తొలగుటవలన ఎవరి కూడును పోలేదు. బొగ్గు తొలగినచో గోదావరిఖని వంటి పట్టణముల గతి ఏమి? సింగరేణిలో ఒకప్పుడు లక్షకు మించిన కార్మికులు ఉండిరి. నేడు శాశ్వత ఉద్యోగులు సుమారు నలువది వేలు. 1999లో రామగుండమునందలి బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారము మూతపడినప్పుడు పట్టణము దాని భారమును చవిచూచినది. ఆ స్థలముననే వెలసిన కొత్త కర్మాగారము 2021లో సహజవాయువుతో ఎరువులను తయారుచేయ నారంభించినది. నడుమ గడచినవి ఇరువది రెండు సంవత్సరములు. యంత్రము ఇరువది రెండేండ్లు వేచియుండగలదు, కుటుంబము వేచియుండజాలదు.

లోకమున దీనికి రెండు విధములైన అనుభవములు ఉన్నవి. బ్రిటనులో 1984-85 సంవత్సరములలో జరిగిన గనికార్మికుల సమ్మె పిమ్మట గనులు వేగముగా మూతపడినవి. వేల్సు, యార్క్‌షైరు ప్రాంతములలోని గనిపట్టణములు చిరకాలము నిరుద్యోగముతో కుమిలినవి. జర్మనీ 2007లోనే శాసనము చేసి, పదునొకండేండ్ల ముందుగా గడువు తెలిపి, కార్మికులను వేరు పనులకును, ముందస్తు విశ్రాంతికిని మళ్లించుచు, 2018 డిసెంబరులో తన చివరి నల్లబొగ్గు గనిని మూసినది. ముగింపు రెండు చోట్లను ఒకటియే. చేసిన తీరు వేరు. ఒక ఇంటి పొయ్యి ఆర్పి వేరొక ఇంటికి చల్లదనము తెచ్చునది సంపూర్ణమైన పరిష్కారము కాదు. మన దేశము 2070 నాటికి వాతావరణమునకు చేర్చు వాయువును, తొలగించు వాయువును సమానము చేయుదునని 2021లో ప్రకటించినది. కావున గడువు తెలిసినదే. ఆ నడుమ కాలమున సిద్ధపడుటయా, ఊరకుండుటయా అనునదే మిగిలిన ప్రశ్న. సింగరేణి సంస్థయు గనుల ప్రాంతములలో సౌరవిద్యుత్కేంద్రములను నెలకొల్పుట ఈ సిద్ధపాటులో ఒక మెట్టు.

ఇప్పుడు కోపెన్‌హేగెన్ చర్చ సులభముగా బోధపడును. ఆ పండితులు నేడు పెట్టిన రూపాయికి ఎంత ఫలము, ఎంత త్వరగా వచ్చునని చూచిరి. నూరేండ్ల పిమ్మట వచ్చు ఫలమునకు వారి పద్ధతిలో విలువ తక్కువ. కావున భూతాపము క్రిందికి జారినది. దానిని ఆక్షేపించినవారు ‘ఇంకను పుట్టని బిడ్డ ప్రాణము నేటి బిడ్డ ప్రాణముకంటె చులకనయా?’ అని అడిగిరి. మలేరియాను నేడు విడిచినను పది సంవత్సరముల పిమ్మట మరల పట్టుకొనవచ్చును; ఆకాశమునకు చేరిన వాయువు మాత్రము శతాబ్దములు అచటనే ఉండునని వారి వాదము. రెండు పక్షములందును సత్యము కలదు. దీనినుండి నేర్వదగిన నీతి ఒకటి. సమస్యల వరుస ఆకాశమునుండి ఊడిపడదు. కొలత మారినచో వరుస మారును. కావున ‘ఇది మొదటిది’ అని చెప్పువాడు ఏ కొలతతో కొలిచెనో కూడ చెప్పవలెను. వినువాడు దానిని తప్పక అడుగవలెను.

తూచుట నేర్చినవాడు మూడు పొరపాటులనుండి తప్పించుకొనును. పెద్దది కనుక అసాధ్యమనుట మొదటి పొరపాటు. 1990లో ప్రపంచమున అయిదేండ్లలోపు శిశువులు కోటి ఇరువది లక్షలకు పైగా మరణించిరి; 2022 నాటికి ఆ సంఖ్య సుమారు నలువది తొమ్మిది లక్షలకు దిగినది. అంతకంటె పెద్ద సమస్య ఏది? ఒక్క దెబ్బతో కాదు. టీకాలు, శుభ్రమైన నీరు, తల్లుల చదువు, ఉప్పు చక్కెర కలిపిన నీరు, ఇట్టి చిన్న చిన్న పరిష్కారములుగా విడదీసినందున అది కరగినది. మందు తెలిసినది కనుక తీరినట్లే అనుట రెండవ పొరపాటు. గని పైకప్పు ఆ భ్రమను ప్రతిదినము ఖండించుచున్నది. దగ్గరిది కనుక చిన్నది అనుట మూడవ పొరపాటు. ఊరి గుంటలో నిలిచిన నీరు ప్రపంచసమస్య కాదని తోచవచ్చును. మలేరియాను వ్యాపింపజేయు దోమ అట్టి నీటిలోనే పుట్టును.

బొగ్గు పట్టణపు బాలునకు ఈ విద్య మరింత అవసరము. ప్రపంచ సమస్యల పట్టికలో తన తండ్రి చేయు పని కనిపించినప్పుడు అతడు సిగ్గుపడనక్కరలేదు, కోపగింపనక్కరలేదు. ఆ పని దేశమునకు వెలుగిచ్చినదనియు, దాని పొగ భూమిని వేడెక్కించుచున్నదనియు రెండు సంగతులను ఒకేసారి మనస్సున నిలుపుకొనవలెను. ఆ రెండింటిలో ఒకదానిని మరచినవాడు చూపు మార్గము నమ్మదగినది కాదు. రెండింటిని ఎరిగినవాడు గోదావరిఖనిలోనే పెరుగుచుండవచ్చును. రేపు రాత్రివేళ విద్యుత్తును దాచు సాధనమును కనిపెట్టువాడును, గని మూతపడక ముందే గనికార్మికుని బిడ్డకు వేరు పని చూపువాడును అతడే కావచ్చును.

ప్రశ్నలు

1. బొగ్గునకు జరుగు రెండు పరీక్షలు ఏవి? సమస్యలను తూచుటలో అవి ఎట్లు ఉపకరించును?

2. నారికురుపును మందు లేకుండనే తొలగించుట ఎట్లు సాధ్యమైనది?

3. ఓజోను సమస్యకును బొగ్గు సమస్యకును గల భేదమును వివరింపుడు.

4. మీ ఊరిలోని మూడు సమస్యలను ఎన్నుకొని, పాఠములోని ప్రశ్నలను వేసి వరుసలో పెట్టుడు. ఆ వరుసకు కారణములు వ్రాయుడు.